తలూపారు, మందు తప్పుగా వేసుకున్నారు: ఎక్కడ తేడా వచ్చింది?

సమస్య: చెముడున్న పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మందులన్నీ వివరంగా చెప్పాం. అన్నిటికీ "సరేనమ్మా" అన్నారు. మళ్ళీ వచ్చేసరికి షుగరు అదుపులో లేదు, మాత్రల షీటు లెక్క కుదరదు.

ముందు వినికిడి మిషను చెవిలో ఉందో లేదో చూడండి. సగం సార్లు చొక్కా జేబులోనో కోడలి సంచిలోనో ఉంటుంది. చెవిలోనే ఉంటే బ్యాటరీ చూడండి. కొత్తదైతే స్టిక్కరు పీకి ఒక నిమిషం గాలి తగలనిచ్చాకే పెట్టాలి. మిషను లేనివాళ్ళకు గుబిలి అడ్డుందేమో డాక్టరుగారికి చూపించండి. ఈ పాటి చూడకుండా కేసు షీటులో "మతిమరుపు" అని రాసేస్తున్నారు. దయచేసి ఆపండి.

అన్నీ బాగున్నా ఇలాగే జరుగుతుంటే, కారణం ఆ తలూపడమే. వయసుతో వచ్చే చెముడులో గొంతు వినపడుతుంది, మాట తెలియదు. స, త, క, ప లాంటి సన్నటి హల్లులు ముందు జారిపోతాయి, అచ్చులు మిగులుతాయి. మళ్ళీ అడిగితే విసుక్కుంటారేమోనన్న మొహమాటంతో తలూపేస్తారు.

ఒక పెద్దావిడకు గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర "తినకముందు వేసుకో" అని చెప్పాను. "అర్థమైందా?" అంటే "ఆఁ" అంది. ఆవిడకు వినపడింది "తినకుండా వేసుకో" అని. మర్నాడు మధ్యాహ్నం ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి. గ్లూకోమీటరులో చూస్తే షుగరు 52కి పడిపోయింది. తప్పు ఆవిడది కాదు, నేనడిగిన ప్రశ్నది.

అప్పటినుంచి "అర్థమైందా" అనడం మానేశాను. "ఇంటికెళ్ళాక ఈ మాత్ర ఎప్పుడు వేసుకుంటావో నాకు చెప్పు పెద్దమ్మా" అంటాను. తప్పు చెబితే అదే మాటను అరవకండి. అరిస్తే మాట ఇంకా చెదురుతుంది, మొహం కోపంగా కనిపిస్తుంది. మాటే మార్చండి: "ముందు మాత్ర. వెంటనే అన్నం." ఫ్యాను ఆపి, వెలుగు మన మొహం మీద పడేలా ఎదురుగా కూర్చోండి. వాళ్ళు సగం మాట పెదాల్లో చూస్తారు, కాబట్టి వీలున్నచోట మాస్కు దించండి. మందుల కవరు మీద సూర్యుడు, కంచం, చంద్రుడు గీసివ్వండి, చదువు రానివాళ్ళకూ పనికొస్తుంది.

మిషను లేనివాళ్ళకు నేను వాడే ఉపాయం: స్టెతస్కోపు వాళ్ళ చెవులకు పెట్టి, గుండె మీద ఆనించే బిళ్ళ దగ్గర మెల్లగా మాట్లాడతాను. అరవకూడదు, బిళ్ళను తట్టకూడదు. మొదటిసారి మాట స్పష్టంగా చేరినప్పుడు వాళ్ళ మొహం చూడాలి.

చెవిలో చీము, హోరు లాంటివి ఉంటే డాక్టరుగారు చూసుకుంటారు. కానీ ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేసిందంటే ఆ రోజే ఈఎన్‌టీకి పంపండి.