కార్ డీటెయిలింగ్ (బండిని కడిగి, పాలిష్ పెట్టి మెరిపించే పని) పాఠాలు – 6: ‘ముందే ఉంది సార్’

పోయిన పాఠం చదివి మీరు చేసిన పనులు విన్నాక, తప్పులో సగం నాదేనని ఒప్పుకుంటున్నాను. ‘కోపంగా వచ్చిన కస్టమర్‌ను పూర్తిగా మాట్లాడనివ్వండి, తర్వాత మళ్ళీ చేసి ఇస్తాం అనండి’ అని రాశాను. ఆ రెండింటి మధ్య బండిని చూడాలని రాయలేదు. అది వేరే చెప్పాలా అనుకున్నాను. బొబ్బిలి వైపు తమ్ముడొకడు ఒకే బానెట్‌కు మూడుసార్లు ఉచితంగా కాంపౌండ్ (గీతలు అరగదీసే పాలిష్ ముద్ద) పెట్టాడట. గీత అలాగే ఉంది, కస్టమర్ మాత్రం వెళ్ళిపోయాడు.

తమ్ముడూ, గీత మీద గోరు అడ్డంగా లాగి చూడు. గోరు పట్టుకుంటే పాలిష్‌తో అది పూర్తిగా పోదు. రంగు పైన ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు, చాలా కార్లకు సుమారు 40, 50 మైక్రాన్లే, అంటే తలవెంట్రుక కన్నా పల్చన. మెషిన్ పెట్టిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. కస్టమర్‌ను శాంతపరచడానికి ఆయన రంగునే అరగదీస్తే ఎలా?

అందుకని ఫోన్‌లో ఎలా మాట్లాడాలనే పాఠం వచ్చేసారికి. ఈసారి చూడటం ఒక్కటే.

కస్టమర్ లోపాన్ని ఎక్కడ చూశాడో మీరూ అక్కడే చూడండి. మీరు ట్యూబ్‌లైటు కింద బండి అప్పజెబుతారు. ఆయన మర్నాడు పది గంటలకు అరసవల్లి గుడి దగ్గర ఎండలో పెట్టి చూసుకుంటాడు. రెండూ ఒకే బండిలా కనబడవు. నేను షాపు పెట్టిన కొత్తలో ఒక పెద్దాయన నల్ల కారు వెనక్కి తెచ్చారు. షెడ్డులోకి ఎక్కించి, చుట్టూ తిరిగి, ‘ఏమీ లేదండి’ అన్నాను. ఆయన మాట్లాడకుండా బండి ఎండలోకి తీశారు. డోర్ల నిండా చేప పొలుసుల్లా మెషిన్ తిరిగిన గుర్తులు. ‘మరి ఇదేటి బాబూ?’ అన్నారు, అంతే. రోటరీతో (గుండ్రంగా తిరిగే పాలిష్ మెషిన్‌తో) కాంపౌండ్ కొట్టి, మెత్తటి ప్యాడ్‌తో ఫినిషింగ్ చేయకుండా ఇచ్చేశాను. అప్పటినుంచి మధ్యాహ్నం ఎండ ఉండగానే డెలివరీ ఇస్తున్నాను. చీకటి పడితే ‘రేపు రండి’ అంటాను. పెళ్ళికి వెళ్ళాలన్నా సరే.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే మాట దగ్గరికి వద్దాం. ‘ఆ గీత ముందే ఉంది సార్.’

నిజానికి చాలాసార్లు ముందే ఉంటుంది. దుమ్ము, పాత వాక్సు కప్పేసిన గీతలు కడిగి మెరిపించాక బయటపడతాయి. అయినా ఆ మాట అనకండి. బండి ఇచ్చేటప్పుడు ఆయనకు గీత కనబడలేదు, తీసుకునేటప్పుడు కనబడింది. మధ్యలో బండి మీ దగ్గరుంది. ఆయన లెక్క ప్రకారం గీసింది మీరే. ‘ముందే ఉంది’ అన్నది నిజమైనా ఆయన చెవికి అబద్ధంలాగే వినబడుతుంది. పైగా పక్కన కుర్రాడు ‘అవును సార్, నేనూ చూశాను’ అంటాడు. చూసినవాడు అప్పుడే ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నకు మీ ఇద్దరి దగ్గరా జవాబు ఉండదు.

ఆ మాట చెప్పాల్సింది పనికి మీరు బండి తీసుకునేటప్పుడు. చాలామంది దుమ్ము బండికి వీడియో తీసి ‘మా దగ్గర ప్రూఫ్ ఉంది’ అంటారు. దుమ్ములో ఏం కనబడుతుంది? ముందు పైపుతో నీళ్ళు కొట్టి, తుడిచి, అప్పుడు కస్టమర్‌తో కలిసి చుట్టూ తిరగండి. కనబడిన ప్రతి గీత దగ్గరా ‘ఇది ఎలా తగిలింది సార్?’ అని అడగండి. ‘మా గేటుకండి’ అని ఆయనే అంటారు, ఆ గొంతు వీడియోలో ఉంటుంది. ఆ పది నిమిషాలకు బద్ధకిస్తే తర్వాత గంట వాదించాలి. ఇంకో మాట, వాళ్ళావిడ పక్కనుండగా ఆ వీడియో తీసి చూపించకండి. గెలుస్తారు గానీ కస్టమర్ పోతాడు.

వీడియో తీయకపోతే? ‘ముందే చూపించాల్సింది సార్, చూపించలేదు’ అనండి. గీత ఎవరిదన్న మాట ఎత్తకండి.

దసరా రోజుల్లో ఇంకో తగువు తప్పదు. ఆయుధ పూజ చేసి, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి దర్శనం చేయించి తెచ్చిన బండిలో తెల్ల సీటు మీద పసుపు ఉంటుంది. కుర్రాడు ఘాటు క్లీనర్ కొడతాడు. పసుపు మరక ఎర్రగా మారుతుంది. ‘సీటు కాల్చేశారు’ అని కేకలు. కాలలేదు. దిష్టి తీయడానికి పసుపు నీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడతాయి గదా, ఇదీ అదే. మన క్లీనర్లలో చాలావాటికి క్షార గుణం ఉంటుంది. నీళ్ళు కలిపిన నిమ్మరసం అద్దితే మళ్ళీ పసుపుగా మారుతుంది. తర్వాత కడిగి ఎండ తగిలేలా పెడితే మరక మెల్లగా వెలుస్తుంది. వివరించడానికి ముందు ఆయన కళ్ళెదుటే నిమ్మరసం అద్దండి. రంగు మారడం చూశాక మీ మాట వింటారు. అద్దే ముందు చిన్న చోట సీటు రంగు పోతుందేమో చూసుకోండి.

బోరు నీళ్ళ మచ్చలైతే తప్పు మనదే. వేడి బానెట్ మీద నీళ్ళు ఆరనిచ్చాం. వారం తర్వాత గీతలు మళ్ళీ తేలాయంటే, వాటిని పాలిష్‌తో తీయలేదు, గ్లేజ్‌తో (గీతల్ని కొన్నాళ్ళు కప్పే పూతతో) నింపామన్నమాట. ఇదీ మనదే. సిరామిక్ కోటింగ్ (రంగు మీద వేసే గట్టి రక్షణ పూత) చేయించినా గీత పడిందంటే, దాని మీద రాసే 9హెచ్ అనేది పెన్సిల్ గట్టిదనం కొలత, ఇసుకకూ తాళంచెవికీ కాదని అమ్మే రోజే చెప్పాలి. ఎక్కువ అమ్ముడుపోవాలని మనం చెప్పం.

డబ్బు వెనక్కి ఇవ్వాలా అని అడిగారు. ఇవ్వాల్సింది ఇచ్చేయండి. అందులో పాఠమేముంది? డిస్కౌంటు మాత్రం నేనివ్వను, దానివల్ల తప్పు సరిపోదు.

అభ్యాసం: ఈ ఏడాది కోపంగా వెళ్ళి మళ్ళీ రాని ముగ్గురి పేర్లు రాయండి. ఫోన్ చేసి, ఒప్పుకున్నవాళ్ళ ఇంటికి ఎండ ఉన్నప్పుడు వెళ్ళి బండి చూడండి. ఏమీ అమ్మకండి, వాదించకండి. ఏం కనబడిందో ఒక్కొక్క బండికి నాలుగు వాక్యాలు రాసి పంపండి. ముగ్గురూ ఒప్పుకోకపోతే ఇంకో ముగ్గురికి చేయండి.