పోయిన జ్ఞాపకాలు ఇలా పోగేసుకున్నాను

బైక్ మీంచి పడి తలకి దెబ్బ తగిలాక, అంతకుముందు కొన్నేళ్లు నా బుర్రలోంచి పోయాయి. చేతికి అలవాటైన పనులు మాత్రం పోలేదు, మెదడులో వాటి దారి వేరు. ఇంట్లోవాళ్లు ఫొటోలు చూపించి కథలు చెప్తుంటే టెన్షన్, ఏది నాది, ఏది విన్నది? 1995లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ లాఫ్టస్ ప్రచురించిన ప్రయోగంలో, చిన్నప్పుడు మాల్‌లో తప్పిపోయావని చెప్తే జరగనిదాన్ని కూడా కొందరు గుర్తుతెచ్చుకున్నారు. అందుకే విన్నది ఎర్ర ఇంకుతో, నాకై నాకు తట్టింది నీలంతో రాశాను. "గుర్తులేదా?" అనొద్దు, ఊరికే నన్ను పాత చోట్లకి తిప్పండి అని అక్కని బతిమాలాను. విజయనగరం గంటస్తంభం దగ్గర ఏమీ తట్టలేదు. పైడితల్లమ్మ పండక్కి సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) కదిలి జనం అరటిపళ్లు విసురుతుంటే మాత్రం, మా బాబుని భుజాన ఎత్తుకున్న ఏడాది, వాడి పసుపు చొక్కాతో సహా వచ్చేసింది! అక్క అవునంది. నీలం ఇంకుతో రాసి పక్కన టిక్ పెట్టాను.