ఇంటి ఆవరణలో వాన నీరు నిలవకుండా కాలువ వేసుకోవడం ఎలా?

వాన వెలిసిన మర్నాటికి కూడా పెరట్లో నీరు నిలిచి ఉందంటే, ఆ నీటికి బయటికి పోయే దారి లేదని అర్థం. మన పట్టణాల్లో చాలా ఇళ్లకు ఈ అవస్థ కట్టినప్పటి నుంచీ ఉన్నది కాదు. కట్టిన నాడు వీధి కంటే రెండడుగుల ఎత్తున ఉన్న వాకిలి, వీధికి ఒకసారి సిమెంటు రోడ్డు, కొన్నేళ్లకు దాని మీద మరో రోడ్డు పడేసరికి వీధితో సమానమై, చివరికి పల్లమైపోతుంది. అటువంటి ఆవరణలో ముందు గొయ్యి తవ్వి, పైపు వేసి, ఆ తరువాత నీరు ఎటు పోతుందా అని చూడడం వల్ల డబ్బు దండుగ తప్ప ఫలితం ఉండదు. అందువల్ల ఈ పనిని చివరి నుంచి, అంటే నీరు ఎక్కడ బయటపడాలో ఆ చోటు నుంచి మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు: వానలో చూడడం

తవ్వకం ఎండాకాలంలో చేసుకోవచ్చు గాని, పరిశీలన మాత్రం వానలోనే జరగాలి. గట్టి వాన పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని ఒక్కసారి ఆవరణ అంతా తిరిగితే, ఏ గొట్టం నుంచి డాబా నీరు దూకుతున్నదో, పక్కింటి ప్రహరీ కింద నుంచి ఎంత వస్తున్నదో, ఏ మూల ముందుగా నిండుతున్నదో తెలుస్తుంది. నిలిచిన నీటి అంచు వెంట చిన్న మేకులు పాతి, గంటకొకసారి నీరు ఎంత తగ్గిందో రాసుకోవాలి. వీధి కాలువలో నీరు ఎంత ఎత్తున పారుతున్నదో కూడా అదే వానలో చూసి, దాని గోడ మీద సుద్దతోనో రంగుతోనో గీత పెట్టుకోవాలి. ఈ గీత విలువ తరువాత తెలుస్తుంది.

రెండో మెట్టు: ఎంత నీరో లెక్క కట్టడం

ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీరవుతుంది. 200 గజాల స్థలమంటే సుమారు 167 చదరపు మీటర్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 8,300 లీటర్లకు పైగా, అంటే మేడ మీద పెట్టే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఎనిమిది నిండేటంత నీరు, ఒక్క పూటలో వచ్చిపడుతుంది. అందులో డాబా వంద చదరపు మీటర్లు ఉంటే 5,000 లీటర్లు దానివే. కాబట్టి డాబా గొట్టాల నీటిని నేల మీద పడనీయకుండా నేరుగా కాలువలోకి మళ్లిస్తే, సగానికి పైగా సమస్య అక్కడే తీరుతుంది.

మూడో మెట్టు: మట్టం తీయడం

నీరు పల్లమెరుగునని సామెత ఉన్నది గాని, మన కంటికి ఆ పల్లం తెలియదు. ఎగుడుదిగుడు నేలను, ఏటవాలు ప్రహరీని చూసి కన్ను సులభంగా మోసపోతుంది. తాపీమేస్త్రీలు వాడే లెవెల్ పైపు దీనికి చాలు. పది పన్నెండు మీటర్ల పారదర్శకమైన సన్నని పైపులో బుడగలు లేకుండా నీరు నింపి, ఒక కొసను ఇంటి గోడ మీద గీసిన గీతకు పట్టుకుని, రెండో కొసను కావలసిన చోట నిలిపితే, రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. రెండో కొసలోని నీటి మట్టం నుంచి నేలకు ఎంత దూరమో టేపుతో కొలిచి రాసుకోవాలి. ఈ అంకె పెద్దదైన కొద్దీ ఆ చోటు పల్లమని అర్థం.

ఒక ఉదాహరణ చూద్దాం. గోడ దగ్గర నేల 90 సెంటీమీటర్లు, నీరు నిలిచే మూల 104, గేటు దగ్గర 96, వీధి కాలువ అడుగు 140, వానలో ఆ కాలువలో నీరు పారిన గీత 128 అనుకుందాం. మూల గేటు కంటే 8 సెంటీమీటర్లు పల్లం కనుక నీరు తనంతట తాను బయటికి పోదు. మూల నుంచి వీధి కాలువకు 12 మీటర్ల దూరమైతే, మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున 12 సెంటీమీటర్ల వాటం, అంటే వాలు, కావాలి. మూల దగ్గర 10 సెంటీమీటర్ల లోతుతో తెరిచిన కాలువ మొదలుపెడితే దాని అడుగు అక్కడ 114, వీధి దగ్గర 126 అవుతుంది. వాన గీత 128 కాబట్టి రెండు సెంటీమీటర్ల తేడాతో గట్టెక్కుతాము. అదే చోట భూమిలో పైపు పాతాలంటే, పైపు మీద కనీసం ఒక జానెడు మట్టి ఉండాలి కనుక దాని అడుగు 35 సెంటీమీటర్ల లోతున మొదలవుతుంది. లెక్క 139 నుంచి 151కి పోయి వీధి కాలువ అడుగు కంటే కిందికి దిగుతుంది. ఆ పైపు వేస్తే వీధి నీరే మన పెరట్లోకి వస్తుంది. పైపు కనబడకుండా అందంగా ఉంటుందన్న ఆశతో ఈ నాలుగు అంకెలు వేసుకోని వారే ఎక్కువగా నష్టపోతారు.

నాలుగో మెట్టు: నేలకు వాటం ఇవ్వడం

కాలువ తవ్వే ముందు నేలను దాని వైపు వంచాలి. గుంటలను తెలంగాణలో మొరం అనీ, ఆంధ్రలో గ్రావెల్ అనీ పిలిచే మట్టితో నాలుగైదు అంగుళాల పొరలుగా నింపుతూ, ప్రతి పొరనూ తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. ఒకేసారి అడుగు ఎత్తు పోసి పైన మాత్రం కొడితే, రెండో వానకే మళ్లీ గుంట పడుతుంది. ఇంటి గోడ నుంచి మొదటి పదడుగుల లోపల నేల ఆరంగుళాలు దిగేటట్లు ఉంటే మంచిది. అయితే ఈ ఉత్సాహంలో ప్లింతు బీము, అంటే గోడ అడుగున ఉండే కాంక్రీటు దూలం, మునిగేటట్లు గోడకు మట్టి ఎగదోయకూడదు. చెమ్మ గోడలోకి ఎక్కుతుంది.

ఐదో మెట్టు: కాలువ కట్టడం

తవ్వే దారిలో నీటి గొట్టం, కరెంటు తీగ, ఎర్తింగు గుంత, సెప్టిక్ ట్యాంకు ఎక్కడున్నాయో ముందే తెలుసుకోవాలి. తరువాత రెండు చివరలా మేకులు పాతి, నిర్ణయించుకున్న వాటం ప్రకారం దారం బిగించి కట్టి, ఆ దారం నుంచి ప్రతి మీటరుకూ లోతు కొలుస్తూ తవ్వాలి. కాలువ పూర్తయ్యాక ఉండవలసిన అడుగు కంటే మరో 10 సెంటీమీటర్లు లోతుగా తవ్వితేనే కాంక్రీటుకూ పూతకూ చోటు మిగులుతుంది. ఇది మరచిపోయి, లెక్క వేసుకున్న వాటాన్ని కాంక్రీటు మందంలో పోగొట్టుకునే వారున్నారు. అడుగున 1:4:8 పాళ్ల (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు, రెండు పక్కలా ఇటుక కట్టుబడి, లోపల నున్నని సిమెంటు పూత పెట్టి, అడుగు మూలలను గుండ్రంగా తిప్పితే కొద్దిపాటి నీరు కూడా చెత్తను తోసుకుపోతుంది. లోపలి వెడల్పు 20 సెంటీమీటర్లు ఉంటే పార దూరుతుంది, శుభ్రం చేసుకోవచ్చు. కనీసం ఏడు రోజులు తడపాలి. నడిచే చోట్ల కడప బండలు పరచుకోవచ్చు గాని సిమెంటుతో అతకకూడదు. బండి వెళ్లే గేటు దగ్గర ఇనుప జాలీ అవసరం.

వాటానికి లోతు చాలినంత ఉంటే, 110 మిల్లీమీటర్ల పీవీసీ పైపును చదునైన ఇసుక పరుపు మీద వేసి, మలుపు తిరిగిన ప్రతి చోటా చిన్న చాంబరు, అంటే మూత తీసి శుభ్రం చేసుకునే తొట్టి, కట్టుకోవచ్చు. మలుపుకు ఒక 90 డిగ్రీల ఎల్బో కంటే రెండు 45 డిగ్రీల బెండ్లు మేలు.

నేల లోపలి నుంచి ఊరే చెమ్మకు మాత్రం కంకర కాలువ వేస్తారు. దీన్ని ఫ్రెంచి డ్రైన్ అంటారు గాని ఫ్రాన్సు దేశంతో సంబంధం లేదు. 1859లో పొలాల నీటి పారుదల మీద రాసి దీనికి ప్రచారం తెచ్చిన అమెరికా న్యాయవాది హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ పేరు అది. కందకంలో నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ పరచి, 20 మిల్లీమీటర్ల కంకర పోసి, రంధ్రాలున్న పైపును రంధ్రాలు కిందికి ఉండేటట్లు పెట్టి, మళ్లీ కంకర కప్పి గుడ్డ మడవాలి. గుడ్డకు బదులు గోనెసంచి వేస్తే అది కుళ్లిపోయి, మట్టి కంకరలోకి దిగి, కాలువ మూసుకుపోతుంది. నల్లరేగడి నేలలో ఈ పద్ధతికి నేను మొగ్గు చూపను. ఆ మట్టి నీటిని పీల్చి ఉబ్బుతుందే తప్ప పక్కకు వదలదు; అక్కడ పైపై కాలువే నమ్మదగినది.

ఆరో మెట్టు: బయటికి దారి లేకపోతే

వీధి మట్టం మన ఆవరణ కంటే ఎత్తుగా ఉన్న చోట ఇంకుడు గుంత గుర్తుకు వస్తుంది. దాన్ని తవ్వే ముందు ఒక అడుగు వెడల్పు, రెండడుగుల లోతు గొయ్యి తీసి నీరు నింపి, అది ఇంకాక మర్నాడు మళ్లీ నింపి, గంటకు ఎంత దిగుతున్నదో చూడాలి. ఎర్రనేలల్లో సాధారణంగా చక్కగా దిగుతుంది. గంటకు ఒక సెంటీమీటరైనా దిగకపోతే గుంత పనిచేయదు. దిగినా దాని శక్తి పరిమితమే: నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు గుంతను కంకరతో నింపితే, రాళ్ల సందుల్లో పట్టేది దాదాపు 900 లీటర్లు. డాబా నుంచి వచ్చే 5,000 లీటర్ల పక్కన అది ఎంత? అందుకే గుంత నిండాక పొంగే నీటికి కూడా ఒక దారి చూపాలి. అడుగున పెద్ద రాళ్లు, పైన 20 మిల్లీమీటర్ల కంకర, ఆపైన ముతక ఇసుక పోసి, పునాదికి కనీసం పదడుగుల దూరంలో పెట్టాలి. వంటింటి, స్నానాల నీరు దానిలోకి రానీయకూడదు.

ఇంకని నేల, ఎత్తైన వీధి రెండూ కలిసి వస్తే, సిమెంటు ఒరలతో సంపు కట్టి, నీటి మట్టాన్ని బట్టి దానంతటదే నడిచే చిన్న పంపు పెట్టడమొక్కటే మార్గం. వాన నీటిని మరుగుదొడ్డి లైనులోకి కలపడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ తగదు. పెద్ద వానలో ఆ లైను నిండి, మురుగు వెనక్కి తన్ని స్నానాల గదిలో తేలుతుంది.

ఏడో మెట్టు: పరీక్ష, నిర్వహణ

బండలు పరచకముందే ఎగువ కొస నుంచి నాలుగైదు బిందెల నీరు ఒక్కసారిగా గుమ్మరించి చూడాలి. మధ్యలో ఎక్కడైనా నీరు మడుగు కడితే అక్కడ పూత తిరిగి పెట్టించాలి; మేస్త్రీ ఇంకా ఊళ్లో ఉండగానే ఈ పని జరిగిపోవాలి. చాంబర్ల అడుగున ఒక చిన్న రంధ్రం వదిలితే మిగిలిన నీరు నేలలోకి దిగుతుంది. డెంగీని మోసే ఈడిస్ దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి వారం పది రోజులు చాలు కాబట్టి, వారానికి మించి ఎక్కడా నీరు నిలవకూడదు. జాలీల మీద ఆకులను వానాకాలంలో వారానికొకసారి తీయాలి. జూన్‌కు ముందు ఒకసారి, ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువగా పడే నెల్లూరు వైపు అక్టోబరుకు ముందు మరోసారి, బండలన్నీ ఎత్తి పేరుకున్న ఒండ్రు తోడి, దాన్ని పాదుల్లో వేసుకోవచ్చు.