మోటారు లాంచి నమూనా తయారీ – నాలుగో పాఠం: ప్లానును కొలిచి చూసుకోవడం

మూడో పాఠం చివర, ఫెయిర్‌మైల్ బి అనే రెండో ప్రపంచ యుద్ధకాలపు బ్రిటిష్ తీరరక్షక మోటారు లాంచి ప్లానును 1:48 స్కేలులో సంపాదించి, ఫ్రేముల (పడవకు పక్కటెముకల్లా నిలిచే అడ్డ చట్రాల) ఆకారాలను ప్లైవుడ్ మీద అతికించి సిద్ధంగా ఉంచుకోమని రాశాను. ఈసారి ఫ్రేములు కోయడం నేర్పాలనుకున్నాను గానీ, మీ ఉత్తరాలు చదివిన తర్వాత ఆ పాఠాన్ని వాయిదా వేయక తప్పలేదు. చిత్తూరు పాఠకుడొకరు పంపిన ఫొటోలో కీల్ బద్ద (పడవ అడుగున పొడవునా సాగే వెన్నెముక) ఎంతో నునుపుగా కోసి ఉంది; పక్కనే పెట్టిన స్టీలు స్కేలు మీద దాని పొడవు 690 మిల్లీమీటర్లు కనిపిస్తోంది. అసలు పడవ పొడవు 112 అడుగులు, అంటే 34,138 మిల్లీమీటర్లు. దాన్ని 48తో భాగిస్తే 711 రావాలి. పలమనేరు నుంచి రాసినవారి బద్ద పొడవు సరిగ్గానే ఉంది గానీ, ఫ్రేములు డెక్కు అంచు వరకు చేరడం లేదు. ఇద్దరి చేతిపనిలోనూ లోపం లేదు. లోపం కాగితంలో ఉంది, ఆ సంగతి ముందే చెప్పకపోవడం నా పొరపాటు.

చిత్తూరు పాఠకుడికి జరిగింది ఇది. కంప్యూటరు నుంచి ప్లాను ముద్రించేటప్పుడు కాగితానికి సరిపడేలా కుదించే ‘ఫిట్’ అనే ఎంపిక ఉంటుంది. తిరుపతిలో ఏ జిరాక్సు దుకాణానికి వెళ్లినా, అడగకపోతే దానితోనే ముద్రించి ఇస్తారు. మార్కుల జాబితాకో, పొలం దస్తావేజుకో అది మేలే చేస్తుంది, అంచులు తెగిపోకుండా కాపాడుతుంది. ప్లానుకు మాత్రం అది విషం. 97 శాతానికి కుదించిన కాగితం చూడటానికి అచ్చం అసలులాగే ఉంటుంది గానీ, 711 కాస్తా 690 అయిపోతుంది. కాబట్టి నూరు శాతం అని నోటితో చెప్పడమే కాకుండా, తెర మీద ఆ అంకెను మీ కళ్లతో చూసి డబ్బులివ్వండి.

పలమనేరు వారి ఇబ్బంది ఇంకా లోతైనది. పెద్ద కాగితాన్ని యంత్రం రోలర్ల మధ్య లాగుతూ నకలు తీస్తుంది. లాగే దిశలో కొలత ఒకలాగా, అడ్డంగా మరోలాగా వచ్చే అవకాశం ఉంది. అందువల్ల పొడవొక్కటే కొలిచి తృప్తిపడకూడదు. ఈ నమూనాకు వెడల్పు దాదాపు 116 మిల్లీమీటర్లు. అందులో రెండు శాతం తగ్గితే పోయేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకే కనుక కంటికి ఆనదు. పలకలు వేయడం మొదలుపెట్టాక అణియం (పడవ ముందు కొస) దగ్గర అవి ఫ్రేములను తాకకుండా గాలిలో నిలిచినప్పుడు గానీ తెలియదు. నకలుకు నకలు తీస్తే తప్పు పేరుకుపోతుంది: 98 శాతం నకలును మూడుసార్లు వరుసగా తీస్తే మిగిలేది 94 శాతమే.

నేను చేసేది చెబుతాను. నకలుకు ఇచ్చే ముందు అసలు ప్లాను ఖాళీ జాగాలో సన్నని పెన్సిలుతో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, 200 మిల్లీమీటర్ల గీతలు గీస్తాను. నకలు చేతికి రాగానే దుకాణంలోనే రెండింటినీ కొలుస్తాను. రెండూ 194 ఉంటే 103.1 శాతానికి పెంచమంటే సరిపోతుంది. ఒకటి 200, రెండోది 196 ఉంటే ఆ నకలును ఏ శాతమూ బాగుచేయలేదు. వదిలేసి మరో యంత్రం చూసుకోవడమే. స్కేలు సున్నా అంచు అరిగి ఉంటుంది కాబట్టి నేనెప్పుడూ పది సెంటీమీటర్ల గీత దగ్గర నుంచే కొలుస్తాను. ఈశాన్య రుతుపవనాల నెలల్లో కాగితం తేమ పీల్చి, నారకు అడ్డదిశలో ఎక్కువగా ఉబ్బుతుంది. అందుకే నాకు పాలిస్టర్ ఫిల్మ్ మీద నకలు ఇష్టం, ఖర్చు ఎక్కువైనా సరే. ప్లాను మీద అంకెల్లో రాసిన స్కేలు కన్నా, గీతగా గీసిన స్కేలును నమ్మండి. ప్లానును పుస్తకంలోకి కుదించినప్పుడు గీత కూడా దానితో పాటే కుదించుకుంటుంది. 1:48 అన్న రాత మాత్రం మారదు.

శ్రీకాళహస్తికి దగ్గరలోని మాధవమాలలో కొయ్య విగ్రహాలు చెక్కేవారి పని ఒక పూట కూర్చుని చూడండి. శిల్పశాస్త్రంలో ముఖం పొడవు ఒక తాళం, అందులో పన్నెండు అంగుళాలు; ఈ అంగుళం ఇంచి కాదు, తాళంలో పన్నెండో వంతు. విగ్రహం జానెడైనా నిలువెత్తైనా ఆ లెక్క అన్ని దిక్కులా ఒకేలా సాగాలి. మనం ప్లానును అడగవలసిందీ అదే.

ఇక ప్లాను ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న. బ్రిటిష్ నౌకల అసలు చిత్రాలు గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియం సేకరణలో పెద్ద సంఖ్యలో ఉన్నాయి, అమెరికన్ పి.టి. పడవలు (టార్పెడోలు మోసే చిన్న యుద్ధపడవలు) చేయదలచినవారు వాషింగ్టన్ దగ్గరి కాలేజ్ పార్కులో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌ను అడగాలి. నమూనాకారుల కోసం తిరిగి గీసినవాటిలో, బ్రిటిష్ తీరరక్షక పడవల విషయంలో నేను ముందుగా చూసేది జాన్ లాంబర్ట్ గీసిన చిత్రాలను. అయితే ప్లాను కొనే ముందు ఫొటో వెతకాలన్నది నా పద్ధతి. ఫెయిర్‌మైల్ బి లాంచీలు మొదట మూడు పౌండ్ల గుండు పేల్చే ఫిరంగితో బయలుదేరాయి, తర్వాత వాటికి 20 మిల్లీమీటర్ల ఓర్లికాన్ తుపాకులు వచ్చి చేరాయి. రాయల్ ఇండియన్ నేవీ బర్మాలోని అరకాన్ తీరంలో నడిపినవి కూడా ఈ రకానివే. కాబట్టి ఏ నంబరు లాంచి, ఏ సంవత్సరంలో ఉన్న రూపం అన్నది తేల్చుకోకుండా సరైన ప్లాను కావాలని అడగడంలో అర్థం లేదు. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం ఫొటోల్లో పక్క మీద నంబరు కనిపించేదాన్ని ఎంచుకోండి. ఈ రకానికే చెందిన ఆర్‌ఎమ్‌ఎల్ 497 ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో మిగిలి ఉంది గానీ, యుద్ధం తర్వాత అది ప్రయాణికుల పడవగా పనిచేసింది. దాని పొట్ట (డెక్కు కింది పడవ శరీరం) ఆకారాన్ని నమ్మవచ్చు, పై కట్టడాలను ఫొటోతో పోల్చకుండా నమ్మకూడదు.

చేతికొచ్చిన ప్లానులో పక్క చూపు, పై చూపు మాత్రమే ఉంటే దానితో పొట్ట కట్టలేరు. ఒక్కో స్టేషను (పడవ పొడవు మీద గుర్తించిన అడ్డగీత) దగ్గర అడ్డకోత ఆకారాన్ని చూపే బాడీ ప్లాను తప్పనిసరి. అది ఉన్నంత మాత్రాన సరిపోదు, మిగతా రెండు చూపులతో ఏకీభవించాలి. ఒక స్టేషను దగ్గర నీటిరేఖ (నీటిమట్టానికి సమాంతరంగా గీసిన గీత) మీద సగం వెడల్పును బాడీ ప్లానులో డివైడరుతో పట్టి, అదే డివైడరును విప్పకుండా పై చూపులో ఆ స్టేషను మీద ఆనించండి. రెండు ముల్లులూ గీతల మీదే దిగాలి. డెక్కు ఎత్తును పక్క చూపుతో ఇలాగే సరిచూడండి. గీతలు పలకల వెలుపలి అంచుకు గీసినవా, లోపలి అంచుకా అన్నది ప్లాను మీద రాసి ఉంటుంది. వెలుపలివైతే ఫ్రేము చుట్టూ పలక మందాన్ని తగ్గించి కోయాలి.

అభ్యాసం: ఒకే లాంచికి వేర్వేరు చేతులు గీసిన రెండు ప్లానులు సంపాదించండి. ఒక్కోదానిలో అణియం వైపు, నడుమ, అమరం (వెనక కొస) వైపు మూడు స్టేషన్లు తీసుకుని, ప్రతిదాని దగ్గర రెండు నీటిరేఖల మీద సగం వెడల్పును బాడీ ప్లానులోనూ పై చూపులోనూ కొలవండి. మొత్తం 24 కొలతలు వస్తాయి. ఒకే ప్లానులో రెండు చూపుల మధ్య తేడా అర మిల్లీమీటరు దాటితే ఆ ప్లానుతో ఫ్రేములు కోయవద్దు. ఐదో పాఠానికి ముందు ఆ పట్టికను, 200 మిల్లీమీటర్ల గీతల కొలతలను నాకు పంపండి. ఫ్రేముల ఫొటోలు ఇప్పుడు అవసరం లేదు.