ఇగ్నిషన్ అడ్వాన్స్ – 3వ పాఠం: స్ప్రింగులతో కర్వ్ దిద్దడం

పిస్టన్ పూర్తిగా పైకి చేరడానికి క్రాంక్ ఇంకా ఎన్ని డిగ్రీలు తిరగాల్సి ఉండగా స్పార్క్ పడుతుందో అదే అడ్వాన్స్. స్పార్క్‌ను పంచే డిస్ట్రిబ్యూటర్‌లో వేగంతో పాటు విచ్చుకునే వెయిట్లు దాన్ని పెంచుతాయి, స్ప్రింగులు వాటిని వెనక్కి లాగుతాయి. కిందటి పాఠంలో డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే వ్యాక్యూమ్ గొట్టం తీసి, కార్బురేటర్ వైపు నోరు మూసి, 500 ఆర్‌పీఎంకి ఒకసారి టైమింగ్ లైట్‌తో (స్పార్క్ పడినప్పుడల్లా వెలిగే దీపం) కొలిచి గ్రాఫ్ గీశాం. ఆ గ్రాఫ్ ఇలా వచ్చిందనుకుందాం: 800 దగ్గర 10 డిగ్రీలు, 2000 దగ్గర 17, 3000 దగ్గర 25, 4200 దగ్గర 34. ఆపైన పెరగలేదు. మీ ఇంజన్‌కు మాన్యువల్ చెప్పిన మొత్తం అడ్వాన్స్ కూడా 34 అయితే, లోపం మొత్తంలో లేదు. అది మరీ ఆలస్యంగా అందుతోంది, అందుకే బండి మధ్య వేగాల్లో మొద్దుగా లాగుతుంది. దాన్ని 3000 ప్రాంతానికి తెద్దాం.

అడ్వాన్స్ ఎంత రావాలో స్టాప్ (వెయిట్లు ఇంకా విచ్చుకోకుండా ఆపే అడ్డు) నిర్ణయిస్తుంది, ఎప్పుడు రావాలో స్ప్రింగులు నిర్ణయిస్తాయి. రెంటినీ ఒకేసారి కదిపితే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తేలదు.

ముందు పాయింట్ల (కరెంట్‌ను తెంచి స్పార్క్ పుట్టించే కాంటాక్టులు) గ్యాప్ సరిచేయండి, అది మారితే టైమింగ్ కూడా జరుగుతుంది. తర్వాత ఇంజన్ ఆపి, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, లోపలి రోటర్‌ను అది తిరిగే దిశలోనే వేలితో తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే వెయిట్ల పిన్నుల దగ్గర గ్రీజు ఎండిపోయినట్టే. అది శుభ్రం చేసి పల్చగా నూనె రాయనిదే కొత్త స్ప్రింగులు దండగ.

చాలా డిస్ట్రిబ్యూటర్లలో స్ప్రింగులు రెండూ ఒకేలా ఉండవు. పల్చటిది మొదటి నుంచీ బిగువుగా ఉంటుంది, మందపాటిదాని కొక్కెం పొడుగ్గా, వదులుగా కనిపిస్తుంది. అది చెడిపోయిందనుకుని వంచి బిగించకండి! వెయిట్లు కొంత విచ్చుకున్నాకే అది పట్టుకోవాలి, గీత మధ్యలో వంగేది అక్కడే. మన గ్రాఫ్‌లో వెలితి పైభాగంలో ఉంది కాబట్టి మందపాటిదాన్ని ఒక్క మెట్టు తేలికైనదానితో మార్చి మళ్లీ కొలవండి. స్ప్రింగు తీసేటప్పుడు కింద సన్నని గుడ్డ పరవండి, జారిన క్లిప్పు బాడీలోకి పడితే డిస్ట్రిబ్యూటర్ మొత్తం విప్పాలి.

రెండూ తేలికైనవి వేసేయాలన్న ఆశ చాలామందికి పుడుతుంది. అప్పుడు అడ్వాన్స్ ఐడిల్‌లోనే, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకముందే మొదలవుతుంది. ఆర్‌పీఎం కాస్త తగ్గితే టైమింగ్ వెనక్కి పోతుంది, దాంతో ఇంజన్ ఇంకా నెమ్మదించి ఆగిపోతుంది. పల్చటి స్ప్రింగు ఐడిల్‌కు కనీసం 200 ఆర్‌పీఎం పైన కదలడం మొదలుపెట్టాలి.

ఆ తర్వాత ఇంజన్ బాగా వేడెక్కాక టాప్ గేర్‌లో ఎత్తు ఎక్కిస్తూ వినండి. 2000 దగ్గర టకటక నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండే చప్పుడు) వినిపిస్తే గీత అక్కడ మరీ ఏటవాలుగా ఉంది, ఒక మెట్టు గట్టి స్ప్రింగు వేయండి. 3500 దాటాక వినిపిస్తే మొత్తమే ఎక్కువ, డిస్ట్రిబ్యూటర్ బాడీని తిప్పి 2 డిగ్రీలు తగ్గించండి. నాకింగ్‌తో బండి నడపకండి, పిస్టన్లు పాడవుతాయి.

బాడీ తిప్పితే గీత అంతా పైకో కిందికో జరుగుతుందని గుర్తుంచుకోండి. ఐడిల్‌లో 4 డిగ్రీలు పెంచి మొత్తాన్ని 34 దగ్గరే ఉంచాలంటే స్టాప్ దగ్గర 2 డిగ్రీలే తగ్గించాలి, ఎందుకంటే డిస్ట్రిబ్యూటర్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. స్టాప్ పని 4వ పాఠంలో చేద్దాం. అప్పటికి కొత్త గ్రాఫ్‌ను పాతదాని మీదే వేరే రంగులో గీసి ఉంచండి.