నేర చరిత్ర తనిఖీ ఫారంలో రెఫరీగా ఎవరి పేరు రాయాలి?

నేర చరిత్ర తనిఖీ ఫారంలో పేరు, పుట్టిన తేదీ, పాత చిరునామాలు చకచకా నింపేస్తాం. 'రెఫరీ' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగుతుంది. ఆ మాట వినగానే విజిల్ ఊదే మనిషి గుర్తొస్తాడు కానీ, ఇక్కడ రెఫరీ అంటే మీరెవరో తనకు తెలుసని చెప్పే మూడో మనిషి. చాలామంది తమకు తెలిసినవాళ్లలో అందరికన్నా పెద్ద హోదా ఉన్నవారి పేరు రాసేస్తారు. నన్నడిగితే పొరపాటు అక్కడే మొదలవుతుంది.

ముందు ఆ ఫారం రెఫరీని ఎందుకు అడుగుతోందో చదవండి. కొన్నింటికి గుర్తింపు చాలు: ఫొటోలో ఉన్నది మీరే, మీ పేరు ఇదే అని చెప్పాలి. దీనికి మిమ్మల్ని చాలాకాలంగా ఎరిగినవారైతే సరిపోతుంది. కొన్ని మీ నడవడిక గురించి అడుగుతాయి, ముఖ్యంగా పిల్లలతోనో వృద్ధులతోనో పనిచేసే ఉద్యోగాలకు. అలాంటప్పుడు మీ పని దగ్గర నుంచి చూసినవాళ్లు కావాలి. రెండింటిలో ఏదైనా అది జామీను కాదు, రేపు మీరేం చేసినా ఆయన మెడకు చుట్టుకోదు. తెలిసి అబద్ధం చెబితే మాత్రం ఆయనకే ఇబ్బంది.

తర్వాత నిబంధనలు చూసి పేర్లు కొట్టేయండి. సాధారణంగా రక్తసంబంధీకులు, భార్యాభర్తలు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లు పనికిరారు. 'బావమరిదే అయినా ఫ్రెండ్‌లాంటివాడు' అంటే కుదరదు, పెళ్లితో వచ్చిన చుట్టరికమూ లెక్కలోకి వస్తుంది. ఎన్నేళ్ల పరిచయం ఉండాలన్నది ఫారాన్ని బట్టి మారుతుంది. పాస్‌పోర్ట్ ఫారాలదీ ఇదే పద్ధతి: బ్రిటన్‌లో దరఖాస్తును ధ్రువీకరించేవారికి మీరు కనీసం 2 ఏళ్లుగా తెలిసి ఉండాలి. కెనడాలో ఇద్దరు రిఫరెన్సులు ఇవ్వాలి, వాళ్లకూ 2 ఏళ్ల పరిచయం ఉండాలి, కుటుంబ సభ్యులు కాకూడదు.

ఇక మిగిలినవాళ్లలో ఫోన్ ఎత్తే మనిషిని పట్టుకోండి. నెలకోసారి మాట్లాడే పాత మేనేజరు, ఎప్పుడూ మీటింగుల్లో ఉండే డైరెక్టరు కన్నా నయం.

పేరు రాసే ముందు ఆయన్ని తప్పకుండా అడగండి. నేనొకసారి అడగకుండానే తెలిసిన పెద్దాయన పేరు రాసేశాను. అవతలివాళ్లు ఫోన్ చేసి నా సర్టిఫికెట్ పేరు చెబితే, "ఆ పేరుగలవాళ్లెవరూ నాకు తెలియదండీ" అన్నారట. పదేళ్లుగా ఆయనకు నేను 'చిన్నా'నే మరి! ఆ ఒక్క మాటతో నా ఫారం వెనక్కి వచ్చింది. అందుకే రికార్డుల్లో ఉన్న మీ పూర్తి పేరు, ఎక్కడికి దరఖాస్తు చేస్తున్నారు, ఎవరు ఫోన్ చేయొచ్చు అన్నవి ఆయనకు మెసేజ్ పెట్టండి. ఎన్నేళ్ల పరిచయమో ఇద్దరూ ఒకటే చెప్పేలా చూసుకోండి. మీరు ఆరేళ్లని రాసి ఆయన "మూడేళ్లేమో" అంటే లేనిపోని అనుమానం.

మీ మీద పాత కేసేదైనా ఉందా? పోలీసు రికార్డులు వేరుగా చూస్తారు, రెఫరీ మంచిమాట దాన్ని చెరిపేయలేదు. ఫారం ఏది అడిగితే దానికి నిజమే రాయండి. నడవడిక గురించి చెప్పాల్సిన రెఫరీకైతే సంగతి ముందే చెప్పండి. అది ఆయన మీ నోటి నుంచి వినడం వేరు, ఫోన్‌లో ఎవరో అడిగితే తెలుసుకోవడం వేరు.

వివరాలు నింపేటప్పుడు ఆయన పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి, ఇనీషియల్‌తో సరిపెట్టొద్దు. ఆయన రోజూ చూసే ఈమెయిలే ఇవ్వండి. ఫారం పంపిన రోజు, "కొత్త నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తండి, మెయిల్ స్పామ్‌లో కూడా చూడండి" అని ఒక మాట చెప్పండి.

కొత్త ఊరికి వచ్చారు, ఎవరూ తెలియదంటారా? ఇంటి యజమాని, పాత టీచరు, మునుపటి ఆఫీసులో సహోద్యోగి ఎవరైనా పనికొస్తారేమో చూడండి. రెఫరీ వేరే దేశంలో ఉన్నా పర్వాలేదా అని ఫారం తీసుకునే ఆఫీసునే అడగండి. ముఖపరిచయం ఉన్నవారిని 'చిరకాల మిత్రుడు' అని మాత్రం రాయొద్దు. "ఆయన్ని మొదట ఎక్కడ కలిశారు?" అన్న ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు.