మోటారు స్టార్టర్‌లో చీమలు, బల్లులు దూరితే ఏం చేయాలి?

బటన్ నొక్కితే మోటారు గుయ్యిమంటుంది కానీ నీళ్లు రావు. లేదా స్టార్టర్ టకటకా కొట్టుకుని ఆగిపోతుంది. తొలకరి పడ్డాక ఇలా జరిగితే ముందుగా అనుమానించాల్సింది చీమలనే. పొడిగా, వెచ్చగా ఉండే చోటు కోసం అవి స్టార్టర్ డబ్బాలోకి చేరతాయి. కాంటాక్టర్ (మోటారుకు కరెంటును కలిపే, విడదీసే స్విచ్చు) పాయింట్ల మధ్య నలిగి, కాలి, మసిగా అంటుకుపోతాయి. ఇక పాయింట్లు సరిగా కలవవు.

దయచేసి బటన్ మళ్లీ మళ్లీ నొక్కకండి. త్రీ ఫేజ్ మోటారుకు ఒక్క ఫేజు అందకపోయినా మిగతా రెండింటి మీద భారం పడి వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) కాలిపోతుంది. పావుగంటలో అయ్యే శుభ్రం పని కాస్తా బోరులోంచి మోటారు పైకి తీయించే ఖర్చు అవుతుంది.

ముందు మెయిన్ ఆపండి, ఫ్యూజులుంటే పీకేయండి. టెస్టర్‌ను పనిచేస్తున్న ప్లగ్గులో పెట్టి, వెలుగుతోందో లేదో చూసుకోండి. తర్వాతే డబ్బా తెరిచి ప్రతి టెర్మినల్ (వైరు బిగించే చోటు) మీదా పెట్టి చూడండి. ఎక్కడ వెలిగినా మూత పెట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. సింగిల్ ఫేజ్ మోటారు స్టార్టర్ డబ్బాలో (ప్యానెల్‌లో) కెపాసిటర్లు ఉంటాయి. మెయిన్ తీసేశాక కూడా వాటిలో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి వాటి కాళ్లను ముట్టుకోవద్దు.

లోపల ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. చచ్చిన చీమలను, మట్టిని, బల్లి ఉంటే దాన్నీ పొడి బ్రష్‌తో, చెక్క పుల్లతో తీసేయండి. తడిగుడ్డ, కిరోసిన్ వద్దు. చీమల మందు స్ప్రే కూడా లోపల కొట్టకండి, అది అంటుకునే గుణం ఉన్నది. కాంటాక్టర్ మూత విప్పడం అలవాటున్నవాళ్లు పాయింట్లను పొడిగుడ్డతో తుడవచ్చు. గరుకు కాగితంతో రుద్దితే పైనున్న వెండి పొర అరిగిపోతుంది. గుంటలు పడ్డ పాయింట్లను మార్చాల్సిందే. కాలిన వాసన వచ్చినా, వైరు తొడుగు కరిగినా అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి.

శుభ్రం చేసి ఊరుకుంటే వారంలో మళ్లీ వస్తాయి. అసలు పని దారులు మూయడం. వైర్లు లోపలికి వెళ్లే రంధ్రాలకు రబ్బరు గ్రోమెట్లు (రంధ్రం అంచుకు తొడిగే రింగులు) వేసి, సందులను ఎం-సీల్‌తో నింపండి. వాడకుండా వదిలేసిన కన్నాలను మూయండి. గాలి కోసం పెట్టిన కన్నాలకు మాత్రం సన్నటి జాలి చాలు, పూర్తిగా మూస్తే వేడి పెరుగుతుంది. గోడమీది తీగ మొక్క డబ్బాను తాకుతుంటే కత్తిరించండి, చీమలకు అదే వంతెన. చీమల చాక్‌పీసు గీత డబ్బా చుట్టూ గోడ మీదే గీయండి, పిల్లలకు అందనివ్వకండి.

బల్లుల సంగతి వేరు. అవి డబ్బా కోసం రావు, పక్కనున్న లైటు దగ్గర మూగే పురుగుల కోసం వస్తాయి. రెండు టెర్మినళ్ల మీద పడితే షార్ట్ అవుతుంది. ఆ లైటును కొంచెం దూరం జరిపితే సగం బెడద తీరుతుంది.

మూత బిగించాక మెయిన్ వేసి ఒక్కసారి స్టార్ట్ చేయండి. ప్యానెల్ మీద ఆమ్మీటరు (మోటారు లాగే కరెంటును చూపే మీటరు) ఉంటే, స్టార్టయిన క్షణంలో ముల్లు పైకి ఎగరడం మామూలే, అది కుదురుకున్నాక మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్ల అంకె దాటుతోందేమో చూడండి. దాటినా, మోటారు ఇంకా గుయ్యిమంటున్నా వెంటనే ఆపేయండి. అప్పుడు చూడాల్సింది కెపాసిటర్, వోల్టేజీ.